జట్టు ఫోటోకు రెండు చిన్న లైట్లు: గోడాక్స్ ఏడీ200 ప్రో జతపై సమీక్ష

మా జిల్లా అండర్-17 బాలికల కబడ్డీ జట్టు రాష్ట్రస్థాయి పోటీలకు బయలుదేరే ముందు దిగిన గ్రూపు ఫోటోను కిందటేడు తీసింది నేనే. దాని గురించి చెప్పుకోవడానికి గొప్పేమీ లేదు. ఇండోర్ హాలులో, కెమెరా నెత్తిన బిగించిన చిన్న ఫ్లాష్‌తో, పది నిమిషాల్లో ముగించిన పని అది. కింద కూర్చున్న నలుగురి ముఖాలూ సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి, వెనక నిలబడిన వరుస చీకట్లో కలిసిపోయింది, కుడి చివరి అమ్మాయి జెర్సీ మీది 12 అంకె కూడా ఆనలేదు. మర్నాడు పత్రిక జిల్లా ఎడిషన్‌లో రెండు కాలమ్‌ల వెడల్పున అచ్చయ్యేసరికి ఆ అమ్మాయి ఉండాల్సిన చోట ఒక నల్లటి మరక మిగిలింది. తర్వాత ఒకసారి కనిపించినప్పుడు, "ఇందులో నేనెక్కడున్నాను అన్నా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది కానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ ఏడు అదే హాలుకు మళ్ళీ పిలిచారు. ఈసారి నా దగ్గర గోడాక్స్ కంపెనీ ఏడీ200 ప్రో ఫ్లాష్ లైట్లు రెండు, 60 అంగుళాల తెల్ల గొడుగులు రెండు, 2.8 మీటర్ల స్టాండ్లు రెండు ఉన్నాయి. ఈ లైట్లను నేను పెళ్ళిళ్ళ పని కోసం కొన్నాను, ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. వధూవరుల ఫోటోలకు ఇవి ఎలా పనిచేస్తాయో చాలామంది ఇప్పటికే రాశారు కనుక ఆ జోలికి పోను. హాలులో మూడు వరుసలుగా సర్దుకున్న ఒక ఆటల జట్టు మీద, మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా, సమానంగా వెలుగు పరచడానికి ఈ జత సరిపోతుందా అన్న ఒక్క ప్రశ్నకే ఈ సమీక్ష పరిమితం.

ముందుగా వస్తువు సంగతి. 2019లో వచ్చిన ఈ మోడల్ చూడటానికి కాస్త పొడుగైన ఇటుకలా ఉంటుంది, సామర్థ్యం, అంటే ఒక్క ఫ్లాష్ కోసం ఖర్చు చేయగల శక్తి, 200 వాట్-సెకన్లు. వెనక భాగంలో 14.4 వోల్టుల, 2,900 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ జారుడు పెట్టెలా వచ్చి కూర్చుంటుంది. పూర్తి శక్తితో కొడితే ఒక్క చార్జింగుకు 500 ఫ్లాష్‌లు వస్తాయనీ, మళ్ళీ సిద్ధం కావడానికి 1.8 సెకన్లకు మించి పట్టదనీ కంపెనీ చెబుతుంది. శక్తిని పూర్తి స్థాయి నుంచి 256వ వంతు దాకా తగ్గించుకోవచ్చు. ముందు భాగంలో రెండు రకాల హెడ్‌లు మార్చుకునే వీలుంది. ఒకటి మామూలు కెమెరా ఫ్లాష్ ముఖంలా ఉండే ఫ్రెనెల్ హెడ్, రెండోది బల్బు బయటికి కనిపించే బేర్ బల్బ్ హెడ్. గొడుగుతో వాడేవారు రెండోదే బిగించాలి. మొదటిది వెలుగును ఒక కిటికీలోంచి పంపినట్టు ముందుకే తోస్తుంది కనుక గొడుగు నడిమి భాగం మాత్రమే వెలుగుతుంది. బల్బు నాలుగు వైపులా వెదజల్లుతుంది కనుక గొడుగు అంచుల దాకా నిండుతుంది. 60 అంగుళాల గొడుగు కొని మధ్యలో 30 అంగుళాలే వాడుకోవడం డబ్బు దండగ. బల్బును వేలితో తాకకూడదన్న జాగ్రత్త మాత్రం మరవకండి. చెమట చేతులతో తాకి, ఆ జిడ్డు వేడికి మాడాక విచారించి లాభం లేదు.

బ్యాటరీతో నడవడం ఎంత మేలో హాలులో అడుగుపెట్టాకే తెలుస్తుంది. స్టూడియోల్లో వాడే కరెంటు లైట్లు ఇంతకన్నా బలమైనవే, కొన్ని ఇంతకన్నా చవక కూడా. కానీ ఇండోర్ హాళ్ళలో ప్లగ్గులు ఎప్పుడూ మనకు కావలసిన చోట ఉండవు. నేను వెళ్ళిన హాలులో పనిచేసే ప్లగ్గు ఒక్కటే ఉంది, అదీ ప్రవేశద్వారం పక్కన. అక్కడి నుంచి కబడ్డీ మ్యాట్ మీదుగా ఎక్స్‌టెన్షన్ తీగ లాగితే ఇంకోవైపు సాధన చేస్తున్న పిల్లల కాళ్ళకు అడ్డం పడుతుంది. మ్యాట్ మీద స్టాండు నిలబెట్టడానికే కోచ్ మేడం అరగంట ఆలోచించింది. స్టాండు కాళ్ళకు రబ్బరు తొడుగులున్నాయని చూపించాక గానీ ఒప్పుకోలేదు. ఆవిడ భయం న్యాయమైనదే.

ఇక బలం మాట. కొనేముందు నన్ను అందరూ హెచ్చరించిన విషయం ఇదే: 14 మందికి 200 వాట్-సెకన్లు ఏం చాలుతాయి, కనీసం 600 లేనిదే పని కాదు అని. లెక్క వేసి చూస్తే ఆ భయం సగానికి పైగా తగ్గింది. మూడు వరుసలూ స్పష్టంగా రావాలంటే అపెర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్8 దగ్గర ఉంటే చాలు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఆరు మీటర్ల దూరం నుంచి తీస్తే, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో నాలుగు మీటర్ల పైచిలుకు వెడల్పు ఫ్రేములోకి వస్తుంది, ఎఫ్8 దగ్గర ముందు వెనకల స్పష్టత కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. వెలుగుకు కెమెరా సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓను 400 దగ్గర పెట్టడం నేటి కెమెరాలకు ఒక లెక్క కాదు. గొడుగులో పడి తిరిగివచ్చేటప్పుడు వెలుగు సుమారు రెండు స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగమవడం) నష్టపోతుందనుకున్నా, ఐదున్నర మీటర్ల దూరంలో ప్రధాన లైటు సగం శక్తితోనూ, రెండోది నాలుగో వంతు శక్తితోనూ వెలిగితే నాకు ఎఫ్8 వచ్చింది. అంటే చేతిలో ఇంకా ఒక స్టాపు మిగిలే ఉంది. 40 మంది ఉన్న అథ్లెటిక్స్ బృందమైతే ఈ మిగులు సరిపోదు, అది వేరే సంగతి. ఆటలో దిగేది ఏడుగురే అయినా కబడ్డీ జట్టంటే 12 మంది, కోచ్, మేనేజరు కలిపి 14 మంది. వాలీబాల్ జట్టూ దాదాపు ఇంతే. ఈ పరిమాణానికి ఈ జత ఎక్కడా ఆయాసపడలేదు.

అయితే తొలి పది ఫోటోలూ పాడయ్యాయి. తప్పు నాదే, లైట్లది ఏ మాత్రం కాదు. పెళ్ళి స్టేజీ దగ్గర అలవాటైన పద్ధతిలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, ద్వారపాలకుల్లా నిలబెట్టి, దేని ఎదుట ఉన్నవారి వైపు దాన్ని తిప్పాను. చివర్ల ఉన్న అమ్మాయిలు లైటుకు రెండు మీటర్ల దగ్గరలో ఉన్నారు, మధ్యలో ఉన్నవారు మరింత దూరంగా ఉన్నారు. ఫలితంగా రెండు కొసలూ తెల్లగా మెరిసి, నడుమ భాగం నీరసంగా వచ్చింది. అంతకన్నా అసహ్యంగా ఉన్నది నీడల వ్యవహారం. ప్రతి ముక్కుకూ అటొకటి, ఇటొకటి రెండు నీడలు పడ్డాయి. పక్కనున్న అమ్మాయి భుజం నీడ ఇంకో అమ్మాయి చెంప మీద అడ్డంగా పడింది. వెనక కట్టిన బ్యానర్ మీద ఒక్కొక్కరికి ఇద్దరేసి నీడ మనుషులు నిలబడ్డారు. కెమెరా వెనక తెర మీద చిన్న బొమ్మగా చూస్తే ఇదేదీ కనిపించదు. పెద్దది చేసి చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది.

దూరం లెక్క ఫోటోగ్రాఫర్లందరూ చదువుకున్నదే, కానీ గ్రూపు ఎదుట నిలబడినప్పుడు మరిచిపోయేది కూడా అదే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటుకు దగ్గరి మనిషి రెండు మీటర్లలోనూ, దూరపు మనిషి ఆరు మీటర్లలోనూ ఉంటే, దూరపు మనిషికి అందేది తొమ్మిదో వంతే, అంటే మూడు స్టాపులకు మించిన తేడా. అదే లైటును వెనక్కి లాగి, దగ్గరి మనిషికి ఆరు మీటర్లు, దూరపు మనిషికి ఎనిమిది మీటర్లు ఉండేట్టు నిలబెడితే, తేడా ఒక్క స్టాపు కూడా ఉండదు. లైటు బలం అవసరమయ్యేది జనాన్ని వెలిగించడానికి కాదు, ఆ లైటును వెనక్కి జరుపుకునే స్వేచ్ఛ కోసం. ఏడీ200 ప్రోను నేను మెచ్చుకునేది కూడా ఈ లెక్కలోనే. ఐదున్నర, ఆరు మీటర్ల దాకా వెనక్కి జరిపినా గొడుగుతో సహా పనిచేయగల శక్తి దానికి ఉంది. కెమెరా మీద పెట్టుకునే మామూలు ఫ్లాష్‌కు గొడుగు తగిలించి అంత దూరం పంపితే, ప్రతిసారీ పూర్తి శక్తితో కొట్టి, మళ్ళీ సిద్ధమయ్యేదాకా పిల్లల్ని నవ్వించే బాధ్యత మన మీద వేస్తుంది.

రెండో ప్రయత్నంలో రెండు లైట్లనూ కెమెరా దగ్గరికి తెచ్చేశాను. ప్రధాన లైటు కెమెరాకు ఎడమవైపు ఒకటిన్నర మీటర్ల దూరంలో, 2.7 మీటర్ల ఎత్తున, జట్టు ముందు వరుసకు ఐదున్నర మీటర్లలో నిలబడింది. రెండోది సరిగ్గా నా వెనక, నా తల మీదుగా చూస్తూ, మొదటిదానికన్నా ఒక స్టాపు తక్కువగా వెలిగింది. సూర్యుడు ఒక్కడే ఉండాలి, రెండోది ఆ సూర్యుడు వేసిన నీడల్ని పలుచన చేసే ఆకాశంలా ఉండాలి. ఈ అమరికలో నీడలన్నీ ఒకే దిక్కున, మెత్తగా, వెనక్కి కిందికి పడతాయి. జట్టు వెడల్పు మూడు మీటర్లు కనుక ఎడమ చివరికీ కుడి చివరికీ మధ్య లెక్క ప్రకారం మూడో వంతు స్టాపు తేడా రావాలి. గొడుగును ఎడమ చివరి వైపు కాకుండా కుడి చివరి వెనక వరుస వైపు తిప్పేసరికి అదీ కనిపించకుండా పోయింది. దగ్గరివారికి గొడుగు అంచు వెలుగు, దూరంవారికి దాని నడిమి వెలుగు అందుతాయన్నమాట. నిరుడు నల్లమరకైన 12వ నంబరు అమ్మాయి ఈసారి కూడా అదే చోట నిలబడింది. గొడుగు కర్రను సూటిగా ఆమె వైపే గురిపెట్టానని ఆమెకు తెలియదు.

గొడుగు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు మెత్తటి వెలుగు, మెత్తటి వెలుగు అని ఊదరగొడతారు. మెత్తదనం గొడుగు సైజును బట్టి కాదు, మనిషికి అది ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి వస్తుంది. ఐదున్నర మీటర్ల దూరంలో 60 అంగుళాల గొడుగు కూడా కాస్త చిన్నదే అవుతుంది, 43 అంగుళాలదైతే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి పత్రికల ముఖచిత్రాల్లో కనిపించే వెన్నలాంటి చర్మపు నిగారింపును ఈ దూరం నుంచి ఆశించకూడదు. జట్టు ఫోటోకు అది అవసరమూ లేదు. ప్రతి ముఖం గుర్తుపట్టేలా ఉండటం, జెర్సీల పాలిస్టరు మెరుపు కళ్ళకు గుచ్చుకోకుండా ఉండటం, ఆటలాడి వచ్చిన నుదుళ్ళ మీది చెమట తెల్లచుక్కల్లా మెరవకుండా ఉండటం ముఖ్యం. ఈ మూడింటికీ తెల్ల గొడుగు చాలు. వెండిరంగు గొడుగు ఒక స్టాపు దాకా ఎక్కువ వెలుగిస్తుంది కానీ, చెమట ముఖాల మీద దాని ప్రతాపం చూపిస్తుంది. బయటివైపు నల్లగుడ్డ ఉన్న, వెలుగును వెనక్కి విసిరే రకం గొడుగు తీసుకోండి. వెలుగును తనలోంచి పంపే పలుచటి గొడుగు సగం వెలుగును వృథాగా హాలు కప్పు మీదికి వదిలేస్తుంది.

వెనకటి హాలును ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. ఫ్లాష్‌తో తీసేవారు మామూలుగా షట్టరు తెరిచి ఉండే వ్యవధిని 200వ వంతు సెకను దగ్గర పెట్టి మరిచిపోతారు. నేనూ అలాగే పెట్టాను. హాలు దీపాల వెలుగు సుమారు 300 లక్స్ అనుకుంటే, ఎఫ్8, ఐఎస్ఓ 400 దగ్గర అది మన ఫోటోకు కావలసినదానికన్నా నాలుగున్నర స్టాపులు తక్కువ పడుతుంది. జట్టు వెలిగిపోతూ ఉంటుంది, దాని వెనక హాలు మాత్రం దిగుడుబావిలా నల్లబడుతుంది. కొందరికి ఆ నాటకీయత ఇష్టమే. పిల్లలు మాత్రం తాము రోజూ సాధన చేసే హాలు ఫోటోలో కనబడాలని కోరారు. షట్టరును 50వ వంతుకు దించాను, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టాను. వెనకటి గోడలు రెండు స్టాపులు తేరుకున్నాయి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక, చవకరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టరు వేగం అంతకు మించితే ఫోటోలో అడ్డచారలు పడే ప్రమాదముంది. 50వ వంతు సెకనులో సరిగ్గా రెండు మిణుకులు పూర్తవుతాయి కనుక చారల బెడద ఉండదు.

హాలు వెలుగును లోపలికి రానిస్తే దాని రంగు కూడా వెంట వస్తుంది. ఏడీ200 ప్రో వెలుగు పగటి వెలుగుకు దగ్గరగా, 5600 కెల్విన్ల చుట్టూ ఉంటుంది, ఒక ఫ్లాష్‌కూ ఇంకో ఫ్లాష్‌కూ రంగులో తేడా నా కంటికైతే కనిపించలేదు. హాలు దీపాలు మాత్రం లేత ఆకుపచ్చ జీరతో ఉన్నాయి. ముఖాలు సరిగ్గా ఉండి వెనకటి గోడ పాచిపట్టినట్టు కనిపించింది. రెండు లైట్లకూ లేత ఆకుపచ్చ జెల్ కాగితం (వెలుగు రంగు మార్చే పారదర్శక పొర) చుట్టి, తర్వాత కంప్యూటర్‌లో మొత్తం ఫోటో నుంచి ఆ పచ్చదనాన్ని ఒక్కసారే తీసేశాను. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, లైటునూ హాలునూ ఒకే రంగులోకి తెస్తేనే ఒకే దిద్దుబాటుతో రెండూ కుదురుకుంటాయి. బేర్ బల్బ్ చుట్టూ జెల్ బిగించడానికి వీలైన కట్టు ఏదీ నా పెట్టెలో లేదు. రబ్బరు బ్యాండుతో గొడుగు వైపు కప్పాను, పదేసి ఫ్లాష్‌ల తర్వాత అంచులు వేడికి ముడుచుకున్నాయేమోనని చూసుకోవలసి వచ్చింది. ఇక మ్యాట్. నీలం మ్యాట్ మీద కూర్చున్న నలుగురి గడ్డాల కిందికి కూడా ఆ నీలం ఎక్కింది. ఫ్రేముకు అందనంత ముందు రెండు తెల్ల థర్మోకోల్ షీట్లు పరిచాక పోయింది. ఊళ్ళో ఫంక్షన్లకు స్టేజీ అలంకరణ చేసేవారి దగ్గర మిగిలిన ముక్కలవి, ఖర్చు సున్నా.

కోచ్ మేడం కళ్ళజోడు నా ఓపికకు అసలు పరీక్ష పెట్టింది. అద్దాల మీద గొడుగు రెండు తెల్లటి చందమామలుగా మెరిసింది. మొదట ప్రధాన లైటుదే తప్పనుకుని దాన్ని ఇటూ అటూ జరిపి పావుగంట పోగొట్టుకున్నాను. నేరస్థుడు నా వెనక ఉన్న రెండో లైటు. కెమెరా చూసే గీత మీదనే ఉన్న వెలుగు, ఎదురుగా చూస్తున్న అద్దం నుంచి తిన్నగా కెమెరాలోకే వస్తుంది కదా. దాన్ని స్టాండు అనుమతించినంత ఎత్తుకు లేపాను, చందమామలు సగానికి తగ్గాయి. మిగిలిన సగం కోసం, "మేడం, కళ్ళజోడు కాడల్ని చెవుల మీద అర అంగుళం పైకి లేపి పెట్టుకోండి" అన్నాను. అద్దాలు కాస్త కిందికి వాలాయి, మెరుపు మ్యాట్ మీదికి పోయింది. ముఖంలో ఆ మార్పు ఎవరికీ తెలియదు. ఈ పనికి 2.8 మీటర్లు కాక, మరో మీటరు ఎత్తు లేచే స్టాండు ఉంటే ఇంత తంటా పడనక్కర్లేదని అప్పుడే అర్థమైంది.

లైట్లు వేగంగా తిరిగి సిద్ధమవడం జట్టు ఫోటోలో ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. 14 మందిలో ఒక్కరూ రెప్ప వాల్చకుండా ఉండటం దుర్లభం. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో నిక్ స్వెన్సన్, పీయర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీని మీదే లెక్కలు కట్టి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని 2006లో అందుకున్నారు. గ్రూపులో 20 మందికి లోపు ఉంటే, వెలుగు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యను మూడుతో, బాగాలేనప్పుడు రెండుతో భాగించి అన్ని ఫోటోలు తీయాలన్నది వారు తేల్చిన సూత్రం. మాకు ఐదు చాలాలి. కబడ్డీ పిల్లలకు ఆస్ట్రేలియా సూత్రాలు వర్తించవు కాబోలు, తొమ్మిదో ఫోటోలో గానీ 14 జతల కళ్ళూ తెరుచుకోలేదు. సగం, నాలుగో వంతు శక్తుల దగ్గర లైట్లు సెకను లోపే సిద్ధమయ్యాయి. ఒకటి, రెండు, మూడు అంటూ వరుసగా కొడుతూ పోతే, పిల్లలకు బిగుసుకుపోయే వ్యవధి ఉండదు. మొత్తం ముగిసేసరికి బ్యాటరీ గుర్తులో ఒక్క గీత కూడా తగ్గలేదు.

నచ్చని అంశాలున్నాయి.  లైటును స్టాండుకు బిగించే, గొడుగు కర్ర దూర్చే రంధ్రం ఉన్న ఎస్-రకం బ్రాకెట్‌ను విడిగా కొనాలి, రెండు లైట్లకు రెండు. ఖర్చు లెక్క వేసేటప్పుడు దాన్ని, కెమెరా మీద పెట్టి లైట్లను వెలిగించే ట్రిగ్గర్‌ను కలుపుకోకపోతే బడ్జెట్ తప్పుతుంది. ట్రిగ్గర్ మాత్రం వేరే కొన్నందుకు బాధపడనక్కర్లేదు. ఎత్తున ఉన్న లైటును దించకుండా, ఉన్నచోటనే నిలబడి ఒక్కోదాని శక్తిని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నా వెనక ఉన్న లైటును ఒక స్టాపు దించి, అరస్టాపు ఎత్తి చూసుకోవడం దానివల్లే సాధ్యమైంది. నీడలు ముందే చూసుకోవడానికి ఇచ్చిన చిన్న ఎల్ఈడీ వెలుతురు మాత్రం, దీపాలన్నీ వెలుగుతున్న హాలులో ఐదు మీటర్ల దూరానికి దాదాపు లేనట్టే. ఫోటో తీసి, పెద్దది చేసి, చూసుకోవడం తప్ప మార్గం లేదు. నేను మొదటి పది ఫోటోల్లో చేయనిది అదే.

ఇక ఫ్యాన్లు. వేసవి కనుక హాలు కప్పుకు ఉన్న పెద్ద ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయి. 60 అంగుళాల గొడుగు అంటే చిన్న తెరచాప. స్టాండును పూర్తి ఎత్తుకు లేపిన మరుక్షణం అది మెల్లగా తన చుట్టూ తాను తిరగడం మొదలుపెట్టింది, తర్వాత వాలింది. రిజర్వు ఆటగత్తె ఒకామె రైడర్‌ను పట్టినట్టు కాళ్ళ దగ్గర పట్టుకుని ఆపింది, లేకపోతే ఒక బల్బుకు ఆ రోజే నూకలు చెల్లేవి. అప్పటి నుంచి ఐదు కిలోల ఇసుక సంచులు రెండు నా కారు డిక్కీలోంచి దిగడం లేదు. ఇది లైటు నాణ్యతకు సంబంధించింది కాదు, కానీ లైటు కొనే డబ్బుంచుకుని సంచీ కొనని నాలాంటివారికి సంబంధించింది.

పెళ్ళిళ్ళ వీడియోలకు వాడే ఎల్ఈడీ లైట్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే వాటితోనే సరిపెట్టుకోవచ్చా అని అడిగినవారున్నారు. వాటినీ వెలిగించి చూశాను. ఐదున్నర మీటర్లకు జరిపితే ఐఎస్ఓ 3200 దాకా పోవలసి వస్తుంది. దగ్గరికి తెస్తే మళ్ళీ పాత కథే, ముందు వరుస తెల్లన, వెనక వరుస నల్లన. పైగా నిలకడగా వెలిగే లైటును అందరూ చూస్తూ నిలబడటంతో సగం మంది కళ్ళు చికిలించారు. మరోవైపు, 600 వాట్-సెకన్ల ఒకే పెద్ద లైటు కొనాలా అంటే, నా సమాధానం వద్దనే.  జట్టు ఫోటోకు ఒకే దిక్కు నుంచి వచ్చే బలమైన వెలుగు కన్నా, ఆ నీడల్ని పలుచన చేసే రెండో వెలుగు ఎక్కువ అక్కరకొస్తుంది. 30, 40 మంది బృందాలు తరచూ తీసేవారు మాత్రం పెద్దదాని వైపే చూడండి, లేదా రెండు ఏడీ200లను ఒకే గొడుగులోకి కలిపే జంట బ్రాకెట్ ఉంది, అలాంటి జతలు రెండు పెట్టుకోండి. 2024లో ఈ మోడల్‌కు రెండో తరం వచ్చింది. ఈ పనికోసమే అయితే, పాతది మంచి స్థితిలో దొరికితే దాన్ని వదులుకుని కొత్తదానికి పోవలసిన కారణం నాకు కనిపించదు. కొనేముందు బల్బునూ, బ్యాటరీ ఉబ్బిందేమోననీ మాత్రం చూసుకోండి.

12×18 సైజులో రెండు ప్రింట్లు వేయించి ఇచ్చాను. ఒకటి వ్యాయామ ఉపాధ్యాయుల గదికి, రెండోది కోచ్ మేడం ఇంటికి. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పిల్లలంతా చుట్టూ మూగి ఎవరి ముఖం వారు వెతుక్కున్నారు. 12వ నంబరు అమ్మాయి ముందుగా వెతికింది ముఖాన్ని కాదు, జెర్సీని. అంకె మీద వేలు పెట్టి పక్కనున్న అమ్మాయికి చూపించి, ఈసారి నన్నేమీ అడగకుండా సాధనకు వెళ్ళిపోయింది.